గడపకు అడ్డుపలక

కంబోడియాలో ఆంగ్‌కోర్ వాట్ ఆలయాన్ని దర్శించే తెలుగువారు సాధారణంగా సియెమ్ రీప్ పట్టణంలో బస చేస్తారు. మీరూ అక్కడికి వెళ్ళినపుడు ఒక పూట మిగిలితే, ఆ పట్టణానికి ఆగ్నేయ దిశలో ఉన్న కాంపాంగ్ ఫ్లుక్ గ్రామాన్ని పడవలో చూచి రండి. వర్షాకాలపు చివరి దినాలలో నేనూ నా భార్యా ఆ గ్రామాన్ని చూచాము.

ఆ గ్రామం టోన్లే సాప్ సరస్సు అంచున ఉంది. ఆగ్నేయ ఆసియాలో అతిపెద్ద మంచినీటి సరస్సు అదే. సరస్సు నుండి బయలుదేరే నది నామ్ పెన్ నగరం వద్ద మెకాంగ్ నదిని కలుస్తుంది. వానలకు మెకాంగ్ పొంగినపుడు ఆ నది ఎదురు తిరిగి సరస్సులోనికే ప్రవహిస్తుంది. ఎండాకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే సరస్సు అప్పుడు 15,000 చదరపు కిలోమీటర్ల వరకు విస్తరిస్తుంది. మీటరు లోతు ఉండే చోట ఎనిమిది, తొమ్మిది మీటర్ల నీరు నిలుస్తుంది. అందువలననే అక్కడి వారు ఎత్తైన కొయ్య స్తంభాలపై ఇళ్ళు కట్టుకుంటారు. వేసవిలో నిటారు నిచ్చెనలెక్కి చేరవలసిన ఆ ఇళ్ళ గడపలకు మేము వెళ్ళినపుడు నీరు రెండు మెట్ల దిగువన ఉంది.

పడవ ఎక్కగానే మా మార్గదర్శి, పాతికేళ్ళ యువకుడు, మాకు లైఫ్ జాకెట్లు తొడిగించాడు. నా వయస్సు చూచి పట్టీలు తానే బిగించాడు. పడవ వీధిలో సాగినట్లు ఇళ్ళ మధ్య సాగింది. ఒక ఇంటి మెట్లపై స్త్రీలు గిన్నెలు కడుగుతున్నారు. ఎనిమిదేళ్ళ బాలుడొకడు తన చెల్లెలిని కూర్చోబెట్టుకొని తెడ్డు వేస్తూ మమ్మల్ని దాటిపోయాడు. వారికి లైఫ్ జాకెట్లు లేవు.

ఒక ఇంటి గడపకు అడ్డంగా మోకాలెత్తు పలక బిగించి ఉంది. దాని వెనుక ఏడాది దాటిన పసివాడు నిలబడి ఉన్నాడు. వాడి నడుముకు కట్టిన మెత్తటి గుడ్డతాడు రెండవ కొన లోపలి స్తంభానికి ముడివేసి ఉంది. నా భార్య అయ్యో అన్నది. మార్గదర్శి నవ్వలేదు. పాకడం నేర్చిన నాటి నుండి ఈదడం నేర్చే నాటి వరకు తమ తల్లులకు నిద్ర ఉండదని, తననూ అలాగే కట్టారని చెప్పాడు.

ఆ మాట నన్ను నా ఉద్యోగపు తొలి దినాలకు తీసుకుపోయింది. అప్పుడు నేను గోదావరి డెల్టాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడిని. ఒక మధ్యాహ్నం పెరటి వెనుక పంటకాలువలో పడిన రెండున్నరేళ్ళ పాపను తీసుకువచ్చారు. నీరు కక్కించాలని తలక్రిందులుగా పట్టుకొని తిప్పారు, పొట్ట నొక్కారు, ఒళ్ళంతా ఉప్పు కప్పి ఎదురుచూచారు. నా వద్దకు చేరేసరికి అరగంట దాటింది. నేను చేయగలిగినదేమీ మిగలలేదు. తరువాత రెండేళ్ళు అదే ఊరిలో పనిచేశాను. టీకాల గురించి, విరేచనాల గురించి ఎన్నో సభలలో మాట్లాడాను. కాలువ గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. అది వైద్యుని పని కాదనుకున్నాను. ఆ పాప తండ్రికి తెలియనిది నాకు తెలుసు, అయినా చెప్పలేదు.

ఆనాడు చెప్పవలసినది నేడు మీకు చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు మూడు లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో సుమారు నాలుగవ వంతు ఐదేళ్ళ లోపు పిల్లలు. మునిగే బిడ్డ కేకలు వేయదు. ఊపిరికే చాలని గాలి కేకకు మిగలదు. కాబట్టి చప్పుడు వినబడితే వెళదామని కూర్చోవద్దు.

ఈత రానివారు నీటిలోనికి దూకవద్దు. తాడో, గెడకఱ్ఱో, చీరకొంగో అందించండి. బయటకు తీసిన బిడ్డను గట్టి నేలపై వెల్లకిల పడుకోబెట్టి, 108కి ఫోను చేయమని ప్రక్కవారికి చెప్పండి. ఊపిరి లేకపోతే తల కొంచెం వెనుకకు వంచి, గడ్డం పైకెత్తి, నోటితో ఐదుసార్లు ఊపిరి ఊదండి. కదలిక రాకపోతే ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగంతో నొక్కండి. పిల్లలలో ఛాతీ మూడవ వంతు లోతు దిగాలి. ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు చొప్పున సహాయం వచ్చేవరకు ఆపవద్దు. పొట్ట నొక్కితే కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతుంది. ఉప్పు వలన ప్రయోజనం లేదు, దానికై పోయే నిమిషాలలో మెదడు ప్రాణవాయువు లేక దెబ్బతింటుంది. బిడ్డ తేరుకున్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తరువాత కూడా కనిపించవచ్చు.

తిరుగు ప్రయాణంలో పడవ మళ్ళీ ఆ ఇంటి ముందుగా వచ్చింది. తల్లి తాడు విప్పి బిడ్డను చంకన వేసుకొని అన్నం తినిపిస్తున్నది. పలక మాత్రం గడపకు అలాగే ఉంది. మీ ఇంట సంపు మూత, నూతి గోడ, పెరటి తలుపు గడియ ఈ సాయంత్రమే ఒకసారి చూచుకోండి.