నాన్న చేతి కడియం

పోయినేడు మా నాన్న ధర్మవరం నుంచి హిందూపురం వస్తూ, పెనుకొండ స్టేషన్‌లో టీకని దిగి బల్ల మీద కూలబడిపోయాడు. ఒళ్లంతా చెమటలు, మాట ముద్దగా వస్తోంది. "పొద్దున్నే తాగినాడు" అని జనం పక్కకు తప్పుకున్నారంట. జన్మలో కల్లు ముట్టని మనిషి! ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ తినకుండా రైలెక్కాడు, అంతే. సుగర్ బాగా పడిపోతే మనిషి తాగినవాడిలాగే కనిపిస్తాడు. పండ్లమ్మే ఆవిడ పెనిమిటికీ సుగరేనట, ఆమె గుర్తుపట్టి చక్కెర నీళ్లు తాగించింది.

కాలిఫోర్నియాలో 1953లో ఒక డాక్టరుగారి కూతురికి ధనుర్వాతం మందు పడక ప్రాణం మీదికొచ్చింది. ఆ పిల్ల కోసం చేయించిన వెండి బ్రేస్‌లెట్ నుంచే 1956లో మెడిక్ అలర్ట్ సంస్థ పుట్టింది.

నేనూ హిందూపురంలో వెండి కడియం చేయించాను. "సుగర్ – ఇన్సులిన్" అని తెలుగులో, ఇంగ్లీషులో, కింద నా ఫోన్ నంబరు.

"ఆడపిల్ల మాదిరి నాకేందమ్మా కడియం?" అన్నాడు.

"తాయెత్తనుకో నాయనా" అన్నాను.

తాయెత్తు జబ్బును ఆపుతుందో లేదో గానీ, ఇది నాన్న మాట్లాడలేనప్పుడు మాట్లాడుతుంది. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

నాన్న ఇప్పుడు స్నానానికి కూడా దాన్ని తీయడు.