గీతలలో ఒక ఇల్లు

కృష్ణా పశ్చిమ డెల్టాలోని దుగ్గిరాల పేరు వినగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది పసుపు యార్డు. కాని ధనుర్మాసపు తెల్లవారుజామున ఆ ఊరి వీధుల వెంట నడిచేవారి చూపు నేలమీదనే నిలుస్తుంది. పేడనీళ్ళు చల్లిన వాకిళ్ళలో ఇల్లాళ్ళు చుక్కలు పెట్టి, సందు చుక్కల లెక్క సరిచూసుకొని, వాటి చుట్టూ మెలికలు తిప్పుతూ ఉంటారు. ఆ ముగ్గులో పువ్వు లేదు, చిలుక లేదు, రథం లేదు. ఉన్నది గీత ఒక్కటే. బయలుదేరిన చోటికి గీత తిరిగి చేరితే ముగ్గు కుదిరినట్లు. మెలికల ముగ్గును చూసి ‘ఇది దేని బొమ్మ?’ అని అడిగేవారు ఆ ఊళ్ళో కనిపించరు. అదే మనిషి పట్నంలో చిత్రప్రదర్శనకు వెళ్ళి, చట్రంలో బిగించిన నాలుగు నల్లని గీతలను చూసినప్పుడు మాత్రం ఆ ప్రశ్ననే వేస్తాడు. వస్తువుల రూపాలను విడిచి రేఖను, రంగును, ఖాళీ స్థలాన్ని నమ్ముకొన్న ఆ కళకు నైరూప్యకళ అని పేరు పెట్టగానే అది మనది కానట్లు తోస్తుంది.

అటువంటి నల్లని గీతలతోనే తాను పోగొట్టుకొన్న ఇంటిని జీవితకాలమంతా మళ్ళీ మళ్ళీ కట్టుకొన్న కళాకారిణి జరీనా. ఆమె పూర్తి పేరు జరీనా హష్మి. కళాలోకం మాత్రం ఆమెను ఆ ఒక్క మాటతోనే పిలిచింది. భారతదేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నైరూప్య కళాకారిణులలో ఆమెది అగ్రస్థానం.

జరీనా 1937 జూలై 16న అలీగఢ్‌లో జన్మించారు. తండ్రి షేక్ అబ్దుర్ రషీద్ అక్కడి ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు. ఇంట్లో పుస్తకాలకు కొదువ లేదు. మొగలుల నాటి కట్టడాలు ఆమెకు చిన్నతనం నుంచే పరిచితాలు. ఆమె కళాశాలలో చదివింది చిత్రలేఖనం కాదు, గణితశాస్త్రం. 1958లో అదే విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకొన్నారు. తరువాతి కాలంలో ఆమె చిత్రాలలో కనిపించే కొలతల నిక్కచ్చితనానికి ఆ చదువే మూలమని విమర్శకులు చెబుతారు. గణితం చదివినవారందరూ గీత గీయలేరన్నది వేరే సంగతి! ఢిల్లీలో ఉన్న కాలంలో ఆమె గ్లైడర్ నడపడం కూడా నేర్చుకొన్నారు. ఇంజను లేని ఆ విమానంలోనుంచి కిందికి చూస్తే ఊరు ఊరుగా ఉండదు, పటంగా మారుతుంది. ఇల్లు కూడా గోడలుగా కాక గీతలుగా కనిపిస్తుంది. జరీనా గీసిన ఇళ్ళన్నీ చాలావరకు అలా పైనుంచి చూసినవే.

దేశవిభజన నాటికి ఆమెకు పదేళ్ళు. అల్లర్ల భయంతో కుటుంబం కొంతకాలం ఇల్లు విడిచి శరణార్థుల శిబిరంలో తలదాచుకోవలసి వచ్చింది. తిరిగి వచ్చిన తరువాత కూడా బంధువులు ఒక్కొక్కరే సరిహద్దు దాటిపోయారు. 1950ల చివరికి తల్లిదండ్రులు కూడా కరాచీ చేరారు. అలీగఢ్‌లోని ఇల్లు అక్కడే ఉన్నా, పుట్టింటికి పోవడమన్న మాటకు ఆమె విషయంలో అర్థం మారిపోయింది.

1958లో విదేశాంగశాఖ ఉద్యోగి సాద్ హష్మితో ఆమెకు వివాహమైంది. భర్త ఉద్యోగరీత్యా మొదట బ్యాంకాక్ వెళ్ళారు. చెక్కపై బొమ్మను చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసే విద్యను ఆమె తొలిసారి నేర్చుకొన్నది అక్కడే. 1960ల మధ్యకాలంలో పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడుపుతున్న ‘అతెల్యే 17’ అనే ముద్రణ కార్యశాలలో చేరారు. ఆ కాలంలో హేటర్‌తో పాటు ఆ కార్యశాలకు సహ నిర్దేశకుడు మన తెలుగువాడే కావడం విశేషం. చిత్తూరు దగ్గరి నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతనంలో నందలాల్ బోసు వద్ద విద్య నేర్చిన కృష్ణారెడ్డి ఆయన.

కృష్ణారెడ్డి పేరు ఒక ముద్రణ పద్ధతితో ముడిపడి ఉన్నది. సిరాలో నూనె పాలు హెచ్చితే పలుచనవుతుంది, తగ్గితే చిక్కనవుతుంది. చిక్కదనంలో తేడా ఉన్న సిరాలు ఒకదానిపై ఒకటి పడినా కలిసిపోకుండా ఉండే వీలున్నది. లోహపు పలకను ఎగుడుదిగుడులుగా చెక్కి, మెత్తని రోలరుతో ఒక రంగును, గట్టి రోలరుతో మరొక రంగును పూస్తే, ఒకే పలక నుంచి ఒకే అచ్చులో అనేక వర్ణాలు వస్తాయి. అంతకుముందు సాధారణంగా రంగుకొక పలక కావలసి వచ్చేది. ఈ విద్యను అభివృద్ధి చేసినవారిలో ఆయన ముఖ్యుడు. 1972లో భారతప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. 1970లలో ఆయన కూడా న్యూయార్క్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణకళ బోధించి, 2018లో ఆ నగరంలోనే కన్నుమూశారు.

అంతటి వర్ణవైభవం వెలసిన కార్యశాలలో శిక్షణ పొందిన జరీనా చివరకు ఎన్నుకొన్నది నలుపును! చేతితో చేసిన కాగితపు సహజవర్ణం, దానిపై నల్లని గీత. ఆమె రచనల్లో అధికభాగానికి ఈ రెండే సామగ్రి.

1974లో జపాను వెళ్ళి టోక్యోలో తోషి యోషిదా చిత్రశాలలో చెక్కముద్రణ అభ్యసించి, 1976లో జరీనా న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. మరుసటి ఏడాది భర్త హఠాత్తుగా మరణించారు. పరాయి నగరంలో ఒంటరి జీవితం మొదలైంది. ఆ రోజుల్లో ఆమె కుంచె పట్టలేదు, సిరా తాకలేదు. తెల్లకాగితాన్ని సూదితో వరుసలు వరుసలుగా పొడిచి చిత్రాలు చేశారు. వాటిని వెలుతురుకు పక్కవాటుగా పట్టి చూస్తేనే కంటికి ఆనుతాయి. తరువాత కాగితపు గుజ్జును అచ్చులలో పోసి శిల్పాలు చేశారు. కాగితాన్ని ఆమె చర్మంతో పోల్చేవారు. అది ముదురుతుంది, మరక పడుతుంది, గాయాన్ని దాచుకొంటుంది.

అమెరికాలో నైరూప్యకళకు నాడు పెద్దదిక్కులుగా చెలామణి అయినవారు పురుషులు. లీ క్రాస్నర్ వంటి సమర్థురాలిని సైతం చిరకాలం జాక్సన్ పొలాక్ భార్యగానే లెక్కించారు. దానిని నిరసించి స్త్రీలు 1972లో న్యూయార్క్‌లో ఎ.ఐ.ఆర్. పేరుతో సొంత ప్రదర్శనశాల పెట్టుకొన్నారు. అయితే ఆ స్త్రీల ఉద్యమంలో కూడా శ్వేతజాతివారి గొంతే పైచేయిగా ఉండేది. 1980లో జరీనా, క్యూబాలో పుట్టిన ఆనా మెందియెటా, జపానుకు చెందిన కజుకో మియమోటో కలిసి, అమెరికాలోని మూడవ ప్రపంచ స్త్రీల కళాప్రదర్శనను అదే శాలలో ఏర్పాటు చేశారు. మృదుస్వభావంతో కనిపించే జరీనా చిత్రాల వెనుక ఈ పట్టుదల ఉన్నదని గుర్తించనివారు ఆమెను సగమే తెలుసుకొన్నట్లు.

1990ల నుంచి ఆమె కళకు ఇల్లే ప్రధాన వస్తువైంది. 1994లో తండ్రి ఇంటి నమూనాను గదులతో సహా చిత్రించారు. 1999లో ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’ పేరుతో 36 చెక్కముద్రల సంపుటం వెలువడింది. ఇల్లే పరాయి చోటు అని ఆ పేరుకు అర్థం. న్యూయార్క్‌లో తానుంటున్న వసతి కూడా చేజారుతుందేమోనన్న ఆందోళనలో పుట్టిన కృతి అది. మరచిపోకూడదనుకొన్న మాటలను ఆమె ముందుగా జాబితా వ్రాసుకొన్నారు. గడప, తలుపు, గోడ, ముంగిలి, ఆకాశం, వడగాలి, వాన, దూరం, సరిహద్దు వంటివి ఆ మాటలు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చిత్రం, కింద ఉర్దూలో ఆ పదం. గడపకు ఎన్ని గీతలు కావాలి? వడగాలిని గీతతో ఎలా చూపాలి? ఆ సంపుటాన్ని ఒక్కొక్క పుటగా చూస్తూ పోతే ఈ ప్రశ్నలకు జవాబులు కంటికే దొరుకుతాయి. ఆమె మాతృభాష ఉర్దూ. తన చుట్టూ దానిని చదవగలిగేవారు తరిగిపోతున్నారన్న దిగులు ఆమెను వీడలేదు. ఆ భాషలోని ‘దర్వాజా’ తెలంగాణ పల్లెల తెలుగులో నేటికీ వినిపిస్తూనే ఉన్నది.

2001లో చేసిన ‘డివైడింగ్ లైన్’ను ఆమె కృతులన్నింటిలోనూ శిఖరప్రాయమైనదనవచ్చు. చెక్కముద్రలో ఉలి తొలగించిన భాగం తెల్లగా మిగులుతుంది. ఉలి తాకని భాగం ఎత్తుగా నిలిచి, సిరా అంటుకొని నల్లగా పడుతుంది. అందువల్ల నల్లని గీత కావాలంటే గీతను చెక్కరాదు, దానికి ఇరుపక్కల ఉన్నదంతా చెక్కివేయాలి. జరీనా ఆ పలకపై నిలిపినది భారత, పాకిస్థాన్ సరిహద్దురేఖ. అంతకుముందు భారతదేశం ముఖం చూడని సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే న్యాయవాది అయిదు వారాలలో నిర్ణయించగా, స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు, 1947 ఆగస్టు 17న ప్రకటించిన గీత అది. దానికి అటూ ఇటూ ఉన్న నేలనంతా జరీనా తన చేతులతో తొలిచివేశారు. అచ్చులో ఊళ్ళు లేవు, నదులు లేవు, మనుషులు లేరు. ఉలి పోట్ల జాడలు మాత్రం అక్కడక్కడా మిగిలాయి.

ఆలస్యంగానైనా కీర్తి వచ్చింది. 2011లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో భారతదేశం తొలిసారి అధికారికంగా ఏర్పరచిన విభాగంలో ఆమె చిత్రాలు చోటుచేసుకొన్నాయి. 2012లో లాస్ ఏంజిలిస్‌లో మొదలైన ఆమె సమగ్రప్రదర్శన మరుసటి ఏడాది న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియానికి, చికాగోకు వెళ్ళింది. 2020 ఏప్రిల్ 25న లండన్‌లో ఆమె మరణించారు.

కరాచీలో ఉన్న అక్క రాణి, జరీనాకు ఉర్దూలో ఉత్తరాలు వ్రాసేది. తల్లిదండ్రుల మరణం, ఇల్లు అమ్మివేయడం, పిల్లలు దూరమవడం వంటి దుఃఖసమయాలలో వ్రాసిన కొన్నింటిని ఆమె టపాలో వేయలేదు. అవి ఎన్నో ఏళ్ళ తరువాత చెల్లెలి చేతికి అందాయి. జరీనా ఆ చేతివ్రాతను అలాగే అచ్చుకెక్కించి, దానిపై ఇళ్ళ నమూనాలను, ఊళ్ళ పటాలను ముద్రించి 2004లో ‘లెటర్స్ ఫ్రమ్ హోమ్’ అనే సంపుటం చేశారు. మొత్తం ఎనిమిది పుటలు. కొన్ని చోట్ల నల్లని గీతల కింద అక్షరాలు కప్పబడిపోయి, ఉర్దూ వచ్చినవారికి కూడా ఉత్తరం పూర్తిగా చదవడం సాధ్యం కాదు.