ముద్ద మింగలేని బిడ్డకు బలమెలా?

“ఈ పిల్లలు ఒళ్ళు చెయ్యరమ్మా, వాళ్ళ తత్వమే అంత!” సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను పెంచే తల్లి ఈ మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటుంది. నేనూ విన్నాను. 6 ఏళ్ళు నిండేనాటికి మా అమ్మాయి బరువు 11 కిలోలు. ఆ ఈడు పిల్లలు 20 కిలోల దాకా తూగుతారు. జబ్బే పిల్లను అలా చేసిందని బంధువులంతా తీర్మానించారు. కానీ పిల్ల చిక్కిపోవడానికి అసలు కారణం కడుపు నిండకపోవడం. ఈ సంగతి నలుగురు తల్లులకూ తెలియాలనే ఇది రాస్తున్నాను.

పుట్టకముందో, పుట్టేటప్పుడో, పసితనంలోనో మెదడుకు తగిలిన దెబ్బవల్ల ఈ జబ్బు వస్తుంది. చేతులూ కాళ్ళూ మాట విననట్టే చాలామందికి నాలుకా, దవడా, గొంతూ కూడా మాట వినవు. మా పిల్లను చూసిన డాక్టరుగారు మొదట అడిగింది ఏం పెడుతున్నారని కాదు, “ఒక్కపూట తినిపించడానికి ఎంతసేపు పడుతుందమ్మా?” అని. గంటంబావు అన్నాను. అరగంట దాటిందంటే మింగడంలో ఇబ్బంది ఉందని అనుమానించాలన్నారు. తినే శ్రమకే పిల్ల అలిసిపోతుంది, పెట్టినదాంట్లో సగం చొంగతోపాటు బయటికి వచ్చేస్తుంది.

ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పోయడం మన ఇళ్ళల్లో అలవాటు. ఈ పిల్లలకు అది ప్రమాదం. ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారితే మాటిమాటికీ దగ్గూ, నిమ్మూ వస్తాయి. వీపుకు ఆనుడు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. తల వెనక్కి వాలకుండా, గడ్డం కాస్త కిందికి ఉండాలి. చెంచా ఎదుటినుంచి అందించాలి. పల్చని నీళ్ళకు పొలమారే పిల్ల చిక్కని జావను సులువుగా మింగవచ్చు. ఎంత చిక్కగా ఉండాలో మింగడం పరీక్షించినవారే చెప్పాలి.

ఎక్కువ తినలేని పిల్లకు తిన్న కాస్తలోనే బలం ఉండాలి. ఒక టీ చెంచా నెయ్యి గానీ నూనె గానీ సుమారు 45 కాలరీలు. రోజుకు నాలుగు చెంచాలు కలిపితే 180 కాలరీలు, అంటే దాదాపు ఒక కప్పు అన్నంతో సమానం. మెత్తగా మెదిపిన పప్పన్నంలో నెయ్యి, జావలో బెల్లం, వేరుశనగపప్పు మెత్తటి పొడి, మేము ఇచ్చినవి ఇవే. మూడు పూటల తిండిని ఆరుసార్లు చేశాం. మా అత్తయ్యగారు స్వయంగా రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి పిండి విసిరేవారు. ఎనిమిది నెలల్లో పిల్ల రెండున్నర కిలోలు పెరిగింది.

అయితే అందరికీ ఇదే లెక్క కాదు. కదలలేని పిల్లకు కాలరీలు తక్కువే చాలవచ్చు. విటమిన్లూ, ఖనిజ లవణాలూ మాత్రం తక్కువైతే చాలవు. లావుగా కనిపించే పిల్లకూ రక్తం తక్కువ ఉండవచ్చు.

ఆ మరుసటి ఏడు ఒక ఉదయం గౌను తొడుగుతూంటే పిల్ల ఒక్కసారి కెవ్వుమంది. తొడ వాచింది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగి ఉంది. ఎక్కడా పడలేదు, దెబ్బా తగలలేదు. దీనికి కారణాలు మూడు. నిలబడని కాళ్ళ ఎముకలు గట్టిపడవు. ఇంట్లోనే ఉండే పిల్లకు ఎండ తగలదు. ఫిట్స్‌కు వాడే ఫినోబార్బిటోన్, ఫెనిటోయిన్ వంటి మందులు ఒంట్లోని డి విటమిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తాయి. రక్తపరీక్షలో డి విటమిన్ చాలా తక్కువని తేలింది.

అంతమాత్రాన ఫిట్స్ మందులు మానకూడదు సుమా! హఠాత్తుగా మానితే ప్రాణంమీదికి వస్తుంది. డాక్టరుగారిచ్చిన మోతాదులో డి విటమిన్ వాడాం. 2020లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 7 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు రోజుకు 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాములుంది, గ్లాసుడు పాలలో 240 దాకా ఉంటుంది. డి విటమిన్‌కు పొద్దుటి లేత ఎండకన్నా పొద్దెక్కిన ఎండే మేలు. వేసవిలో మాత్రం జాగ్రత్త.

సులువుగా దిగుతాయని పాలమీదే పెంచేవారున్నారు. పాలలో ఇనుము దాదాపు లేదు. పైగా పాలతో కడుపు నిండితే అన్నం వెళ్ళదు. ఆకుకూర పప్పులో నాలుగు నిమ్మచుక్కలు పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. తినేవారింట్లో గుడ్డు, మెత్తగా ఉడికించిన మాంసం మంచివి. భోజనం దగ్గర టీ వద్దు. రక్తం మరీ తక్కువైతే తిండి ఒక్కటే చాలదు, ఇనుము మందు పడాలి.

టానిక్కులూ, డి విటమిన్ ఇంజక్షన్లూ ఎవరో చెప్పారని వెయ్యకండి. డి విటమిన్ మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులూ, మలబద్ధకమూ వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

నెలకోసారి పిల్లను ఎత్తుకుని మీరు తూగండి, తరువాత మీరొక్కరే తూగండి. తేడాయే పిల్ల బరువు. తేదీతో సహా పుస్తకంలో రాయండి. మూడు నెలలు పెరగకపోయినా, తినేటప్పుడు తరచు పొలమారినా, నిమ్ము మళ్ళీమళ్ళీ వచ్చినా ఆ పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కడుపులోకి గొట్టం వెయ్యాలంటే బెదిరిపోకండి. గొట్టం వేసినంతమాత్రాన తల్లి ఓడిపోయినట్టు కాదు. బిడ్డ ఆకలి తీర్చడానికి అదొక దారి, అంతే.