లక్షా అరవై మూడు వేలు

అండమాన్ దీవులలో ఉంటూ స్పోర్ట్స్ కారు కొన్నానంటే విన్నవారు ముందు నవ్వుతారు. అది పాతదనీ, నా చేతికి వచ్చేనాటికే లక్షా అరవై మూడు వేల కిలోమీటర్లు తిరిగి ఉన్నదనీ చెప్పగానే నవ్వు ఆగి ముఖాన జాలి కనబడుతుంది. నవ్వుకు కారణం లేకపోలేదు. పోర్ట్ బ్లెయర్ నుంచి ఉత్తరపు దారి తప్పించి ఏ దిక్కున బయలుదేరినా గంట గడవకముందే సముద్రం ఎదురై ఇక చాలునంటుంది. (2024 సెప్టెంబరులో ప్రభుత్వం ఈ ఊరికి శ్రీ విజయపురమని పేరు పెట్టింది, మా నోళ్ళకు మాత్రం ఇంకా పాత పేరే అలవాటు.) నవ్వినవారితో నాకు పేచీ లేదు. జాలిపడేవారికి మాత్రం సమాధానం చెప్పవలసి ఉన్నది.

ఆ కారు పేరు శాన్ స్టార్మ్. 1990ల చివర గోవాలో తయారైన బండి. రెండే సీట్లు, తీసివేయదగిన పైకప్పు, ఫైబర్ గ్లాసుతో చేసిన ఒళ్ళు, ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీవారి 1149 సి.సి. ఇంజను. బలం సుమారు 60 హార్స్ పవర్. ఈనాటి మామూలు కుటుంబపు కార్లు కూడా దీనికంటే ఎక్కువ బలం గలవే. కాని స్పోర్ట్స్ కారంటే వేగమేనని ఎవరన్నారు? బరువు తక్కువ కావాలి, నేలకు దగ్గరగా కూర్చోవాలి, స్టీరింగు తిప్పిన మరుక్షణం బండి మాట వినాలి. ఈ మూడూ ఉంటే ముప్పై కిలోమీటర్ల వేగంలోనే మలుపు మలుపుగా తెలుస్తుంది. మా దీవిలో తిన్నని రోడ్డు దొరకదు గాని మలుపులకు కరువు లేదు.

మా తల్లిదండ్రులు శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. కాబట్టి నా వెర్రిని అచ్చ తెలుగులో విమర్శించడానికి మనుషుల కొరత కలగలేదు. “నలుగురెక్కని కారూ ఒక కారేనా?” అన్నది మా మేనత్త వేసిన ప్రశ్న. పెళ్ళికైనా, పేరంటానికైనా, ఓడ దిగిన చుట్టాలను తీసుకురావడానికైనా పనికిరాని వాహనమని ఆమె తేల్చివేసింది. అది నిజమే. ఆ పనులు తప్పిపోవడం కూడా ఈ కారు చేసిన మేలులలో ఒకటని ఆమెతో నేను అనలేదు.

2018లో కారు కొనాలని నిశ్చయించుకొన్నప్పుడు అందరూ చూపించినది వేరొక బండి. మా పేటలోనే, సముద్రపుటొడ్డున ఒక ఇంటి షెడ్డులో ఉన్న చిన్న కుటుంబపు కారు. యజమాని ఎక్కువగా తీయలేదు. మీటరు ఇరవై రెండు వేలు చూపుతున్నది. కొత్తదానికింద లెక్క అన్నారు. మా మేస్త్రీని వెంటబెట్టుకొని వెళ్ళాను. ఆయన మీటరు వంక చూడనైనా చూడలేదు. నేలమీద గోనెపట్టా పరచుకొని వెల్లకిలా బండి కిందికి దూరి, చేతి దీపం వేసి, కాసేపటికి తుప్పు రాలిన ముఖంతో పైకి వచ్చాడు. బ్రేకులు బిగుసుకొనిపోయాయి. రబ్బరు గొట్టాలు బీటలు వారాయి. పెట్రోలు ట్యాంకుకు ఆధారమైన పట్టీ వేలితో నొక్కితే పొరలు పొరలుగా ఊడింది.

“తిరిగిన బండికి రోగం పైకి కనపడతాదమ్మా. నిలబెట్టిన బండికి లోపల దాగుంటాది,” అన్నాడాయన. “మన దీవిలో బండికి మైళ్ళు లెక్కెట్టకూడదు. ఉప్పు లెక్కెట్టాల.”

ఆ మాట నా బుర్రలో నాటుకొన్నది. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వాన లేనప్పుడు ఉప్పుగాలి. తడి ఆరని ఇనుముకు ఉప్పు తోడైతే ఏమవుతుందో మా ఇళ్ళ కిటికీ ఊచలను అడిగితే చెబుతాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఇక్కడివారు పాత బండి కొనేటప్పుడు అడిగే ప్రశ్నల్లో మరొకటి చేరింది: “ఆ రోజున ఇది ఎక్కడుంది?” ఆ భూకంపంతో దక్షిణ అండమాన్ నేలే కిందికి కుంగింది. సిప్పీఘాట్ వైపు పొలాలలోకి వచ్చిన సముద్రం తిరిగి పోలేదు. అటువంటి నీటిలో ఒక్క పూట మునిగిన కారు, ఎంత తుడిచి రంగు వేసినా, లోలోపల కరుగుతూనే ఉంటుంది. మీటరు ఆ సంగతి చెప్పదు.

కిలోమీటర్లంటే భయం పోయిన తరువాత నేను వెదికినది ఉప్పు తగలని బండిని. హైదరాబాదులో దొరికింది. యజమాని విశ్రాంత ఇంజనీరు. 2001లో రిజిస్టరయిన ఈ కారులోనే ఉద్యోగానికి రోజూ వెళ్ళివచ్చినవారు. ఆయన నాకు కారుకంటే ముందు ఒక ఫైలు చూపించారు. పదిహేడేళ్ల రసీదులు, తేదీల వరుసన. ఏ నెలలో ఆయిలు మార్చినది, ఎన్ని వేలకు టైమింగ్ బెల్టు వేసినది, క్లచ్చు ఎప్పుడు పోయినది, దానికి ఫ్రాన్సు నుంచి ఏ భాగం తెప్పించినది, అంతా సన్నని అక్షరాలతో రాసి ఉంది. రెనోవారు ఈ ఇంజనునే తమ ట్వింగో, క్లియో కార్లలోనూ వాడినందువల్ల గోవా బండికి విడిభాగాలు సముద్రాల అవతల దొరుకుతాయని నాకు నేర్పినది ఆ ఫైలే.

నా వృత్తి అనువాదం. ఇంగ్లీషు సాహిత్యం చదివి, ఇరవై యేళ్ళుగా నిఘంటువులతో కాపురం చేస్తున్నాను. నా బల్లమీద ఉన్నవాటిలో నేను నమ్మేది అట్ట ఊడి, అంచులు నలిగి, పూర్వపు యజమాని మార్జినులలో సున్నితంగా తగాదా పడినదే. బంగారు అక్షరాల అట్టతో బీరువాలో నిలబడిన నిఘంటువు చూడముచ్చటగా ఉంటుంది. అందులో తప్పులు ఇంకా ఎవరికీ పట్టుబడలేదు, అంతే. ఆ ఇంజనీరుగారి ఫైలు చదువుతూ కూర్చున్నప్పుడు నాకు ఈ బేరం చేయవచ్చుననిపించింది.

అయినా పరీక్షలు మానలేదు. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ కొలిపించాను. అంకెలు ఇంచుమించు సమానంగా వచ్చాయి. చల్లని ఇంజనును నా ఎదుటే ముట్టించమన్నాను, నీలిపొగ రాలేదు. రెండు లక్షల నలభై వేలకు బేరం తెగింది. కాగితాలు అందిస్తూ ఆయన, “మీ దీవిలో ఎంత దూరం నడుపుతారమ్మా?” అని అడిగారు. “ఎంత ఉంటే అంత,” అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వి తాళంచెవి నా చేతిలో పెట్టి, ఫైలు మాత్రం మరొక నిమిషం తన దగ్గరే ఉంచుకొన్నారు.

లక్షా అరవై మూడు వేలు పెద్ద సంఖ్య అనుకొనేవారికి అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే ఉపాధ్యాయుని సంగతి చెబుతాను. ఆయన 1966లో వోల్వో పి1800 అనే స్పోర్ట్స్ కారు కొని, 2013లో అదే కారులో ముప్పై లక్షల మైళ్ళు పూర్తిచేశారు. మన లెక్కలో సుమారు నలభై ఎనిమిది లక్షల కిలోమీటర్లు. 2018లో ఆయన మరణించేదాకా ఆ కారు తిరుగుతూనే ఉన్నది. అందులో గొప్ప రహస్యమేమీ లేదు: వేళకు ఆయిలు మార్చడం, చిన్న చప్పుడును చిన్నగా ఉన్నప్పుడే వినడం, రోజూ నడపడం. అయితే ఆయన బండి ఒక ఖండమంతా తిరిగింది. నా బండి ఓడ ఎక్కవలసి వచ్చింది.

హైదరాబాదు నుంచి చెన్నై దాకా నేనే నడిపాను. జీవితంలో మొట్టమొదటిసారి సముద్రం అడ్డురాని రోడ్డుమీద ఒక పూటంతా కారు నడిపిన ఆనందం వర్ణించబోను. చెన్నై రేవులో పెట్రోలు దాదాపు ఖాళీ చేయించి, బ్యాటరీ తీగ విప్పి, క్రేనుతో ఓడలోకి ఎత్తారు. పన్నెండు వందల కిలోమీటర్ల సముద్ర ప్రయాణం చేసి హాడో రేవులో దిగేసరికి అద్దంమీద తెల్లని ఉప్పుపొర. వేలితో గీసి చూసి మేస్త్రీ, “లెక్క మొదలైందమ్మా,” అన్నాడు. తరువాత ఆ రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, ఈ కార్యాలయంలో ఫారం 27, 29, 30. కొన్ని నెలల తిరుగుడు. చివరికి ఏఎన్-01తో మొదలయ్యే కొత్త నంబరు.

ఫైబర్ గ్లాసు ఒళ్ళు మా వాతావరణానికే పుట్టినట్లుంటుంది. దానికి తుప్పు తెలియదు. చిక్కంతా కింది చట్రంతోనే. అది ఇనుము. దాన్ని వారానికొకసారి మంచినీళ్ళతో కడగాలి. మంచినీళ్ళనే మాట దగ్గరే మా యింట అసలు రగడ మొదలైంది. ఊరికి నీరిచ్చే ధనీఖరి జలాశయం ఎండకాలంలో అడుగంటుతుంది. కుళాయి రోజు విడిచి రోజు, ఒక్కొక్కప్పుడు అంతకంటే అరుదుగా వస్తుంది. “మనుషులకు లేని నీళ్ళు బండికా?” అన్నది అమ్మ. దానికి జవాబు నా దగ్గర లేదు, ఏ నిఘంటువులోనూ దొరకదు. వానాకాలంలో చూరునీళ్ళు పట్టడానికి నాలుగు పీపాలు కొన్నాను. ఆ నీళ్ళు ఉన్నంతకాలం కారుకు స్నానం. అవి అయిపోతే తడిగుడ్డతో తుడుపు, చట్రానికి పాత ఇంజను ఆయిలు పూత. ఇంటి కుండలోని నీరు దానికి ముట్టదు. అమ్మ తరువాత ఏమీ అనలేదు. సాయంత్రాలు కార్బిన్స్ కోవ్ దాకా వెళ్ళేటప్పుడు నా భుజం పట్టుకొని రెండో సీటులోకి జారుతుంది. తిరిగి వచ్చాక ఆమెను బావిలోంచి చేదినట్లు పైకి తీయాలి.

ఉత్తరానికి రెండేసార్లు వెళ్ళాను, రంగత్‌లో పనిబడి. జిర్కాటాంగ్ దగ్గర బండ్లన్నిటినీ వరుసగా నిలిపి, పోలీసు కాపలాతో జరవాల అడవి గుండా పంపుతారు. వేగం నలభై దాటరాదు, ఆగరాదు, ఒకరినొకరు దాటరాదు, ఫొటోలు తీయరాదు. ఆ దారిలో కొన్ని భాగాలను మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దారి నేటికీ నడుస్తూనే ఉన్నది. పైకప్పు బిగించుకొని, ఒక బస్సు వెనుక, పరుల ఇంటి నడవలోంచి పోతున్నట్లు పోయాను. సరదాకు ఆ దారిన కారు తీయకూడదన్నది నేను పెట్టుకొన్న నియమం. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర పడవ ఎక్కించేటప్పుడు పోటు తగ్గి పలక ఏటవాలుగా ఉంటే, నేలకానే ఈ బండి పొట్ట గీరుకొన్నది. ఆ చప్పుడుకు రేవులో ఉన్నవాళ్ళంతా అయ్యో అన్నారు.

సొంత కారుకు మొదటి పదిహేనేళ్ళ తరువాత అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించాలి. 2021లో నేను కట్టిన రుసుము ఆరు వందలు. 2022 ఏప్రిల్ నుంచి అది అయిదు వేలయింది. ఇరవై యేళ్ళు దాటినవాటికి 2025లో మరింత పెరిగింది. రుసుముకంటే పరీక్షకే నా భయం. మొన్న మేస్త్రీ చట్రమంతా చిన్న సుత్తితో తట్టుకొంటూ పోయాడు, ముంజకాయ తట్టి చూసినట్లు. ముందు భాగమంతా ఖంగున మోగింది. వెనుక ఎడమ చక్రం దగ్గర మాత్రం మెత్తగా, అట్టపెట్టె తట్టినట్లు పలికింది. ఆయన అక్కడ సుద్దముక్కతో జానెడు మేర గీత గీశాడు.

“ఇంజనుకేం పర్లేదమ్మా. అది మనకంటే ఎక్కువ తిరుగుతాది,” అన్నాడు. “ఈ జానెడూ కోసీసి కొత్త రేకు అతకాల. పట్టు దొరికితే సరే. దొరక్కపోతే ఇంకో జానెడు కొయ్యాల.”

ఇంకో జానెడులోనూ పట్టు దొరకకపోతే ఏమిటని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మీటరు లక్షా తొంభై ఒక వేల నాలుగు వందలు చూపుతున్నది. వెల్డింగుకు వానలు వెలిసిన మరుసటి వారం రమ్మన్నాడు.