మండువా లోగిలికి మళ్లీ గొడుగు

నడిమధ్యన ఆకాశం, నాలుగు వైపులా పెంకు వాలు... కోనసీమ పాత ఇళ్ల అందమంతా పైకప్పులోనే ఉంది. ఇంటిని ఉంచాలా, కూల్చాలా అన్న తర్జనభర్జన మొదలయ్యేదీ ఆ కప్పు దగ్గరే!

అమలాపురం నుంచి ఎటు బయల్దేరినా కాలువ గట్టు, కొబ్బరి తోట, ఆ తోట చాటున ఎర్రటి పెంకుటిల్లు. రాజోలు దారిలోనూ అంతే, కొత్తపేట వైపూ అంతే. ఇప్పుడు వాటి పక్కన డాబాలే ఎక్కువ కనిపిస్తాయనుకోండి, అయినా ఊరికి నాలుగైనా మండువా లోగిళ్లు మిగిలే ఉన్నాయి. వీధి అరుగు దాటి లోపలికెళితే మధ్యలో మండువా, చుట్టూ వసారా, ఆ వెనక గదులు. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది. వాననీరంతా అక్కడికే జారి తూములోంచి పెరట్లోకి పోతుంది. ఎండాకాలంలో వేడిగాలి పైకి పోవడానికీ, గదుల్లోకి వెలుతురు రావడానికీ అదే దారి. పిల్లలకైతే కాగితం పడవల చెరువు!

ఇంత తెలివైన కప్పుకీ ఓ బలహీనత ఉంది. రెండు వాలులు కలిసే లోపలి మూలలు. చుట్టుపక్కల నీళ్లన్నీ పోగై ఆ మూల నుంచే దిగాలి. అక్కడ పరిచిన రేకు తుప్పు పట్టినా, కొబ్బరాకు ముక్కలు అడ్డం పడినా నీరు వెనక్కి తన్ని పెంకు కిందికి దూరుతుంది. ముందు తడిసేది మూలవాసం. తడిసిన కర్ర పుచ్చుతుంది, పుచ్చినచోట చెద చేరుతుంది. గోడ మీద తడి మచ్చ కనిపించేసరికే పైన సగం పని అయిపోయి ఉంటుంది. అనుభవమున్న వడ్రంగి పెంకుల్ని తర్వాత చూస్తాడు. ముందు నిచ్చెన వేసుకుని ఆ నాలుగు మూలలూ తడిమి చూస్తాడు.

పెంకుల్లోనూ రెండు తరాలున్నాయి. మొదటిది కుమ్మరి సారె మీద గొట్టంలా చేసి, రెండుగా చీల్చి కాల్చిన గూన పెంకు. ఒకదాని మీద ఒకటి బోర్లించి, వెల్లకిలా పరిచి నేసేవారు. దీన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. కోతి గెంతినా, పిల్లి పరిగెత్తినా కదిలిపోతుంది. అందుకే ఏటా రోహిణి కార్తె వెళ్లేలోగా ‘ఇల్లు తిరగనేయించడం’ అనేది పెళ్లి పనంత హడావిడిగా సాగేది. రెండోది మంగుళూరు పెంకు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరు దగ్గర నేత్రావతి ఒడ్డున ఫ్యాక్టరీ పెట్టి, అక్కడి బంకమట్టితో తయారు చేయించిన ఈ పెంకు దేశమంతా పాకింది. వెనక ఉన్న కొక్కెం రీపరుకి తగులుకుంటుంది, అంచు గాడి పక్క పెంకులో ఇముడుతుంది. వంద చదరపుటడుగులకు దాదాపు నూట యాభై పెంకులు సరిపోతాయి. గదికో గాజు పెంకు పెడితే పగలు దీపం అక్కర్లేదు.

గాలివాన వస్తే మాత్రం ఏ పెంకైనా ఒకటే. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానును కోనసీమలో ఆనాటివాళ్లెవరూ మర్చిపోరు. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి. పెంకులు లేచిపోయిన ఇంటిని మళ్లీ పెంకుతోనే నేయించాలా, ఆ డబ్బేదో పెట్టి స్లాబు వేసేయాలా అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా తలెత్తింది. స్లాబు వైపు మొగ్గినవాళ్లని తప్పుపట్టలేం. పిల్లల్ని పట్టుకుని చీకట్లో ఆ రాత్రి గడిపినవాళ్లకి పాత ఇంటి అందం గురించి ఎవరు చెప్పగలరు?

ఇవాళ్టి చిక్కు వేరు. ఇల్లు ఉమ్మడి ఆస్తి. ఒకరు హైదరాబాదులో, మరొకరు అమెరికాలో. సంక్రాంతికి అందరికీ మండువా కావాలి, కప్పు ఖర్చు దగ్గరికొచ్చేసరికి ‘వచ్చే ఏడు చూద్దాంలే అన్నయ్యా’ అనే మాట. కప్పుకి ఆ ఏడాది చాలా ఎక్కువ. మనిషి తిరుగుతున్న ఇంట్లో కారిన చుక్క ఆ రోజే కంటపడుతుంది, తాళం వేసిన ఇంట్లో దూలం వంగాకగానీ తెలియదు.

తీరా పని మొదలుపెట్టినా సరైన పెంకు దొరకడం కష్టం. కంపెనీకో కొలత. గాడి ఒక్క నూలు తేడా వచ్చినా కొత్తది పాతదానిలో కూర్చోదు, ఆ సందులోంచే వాన దిగుతుంది. అందుకే మేస్త్రీలు పెంకులు దించేటప్పుడు వెనకున్న కంపెనీ ముద్ర చూసి విడివిడిగా పేరుస్తారు. ఒక వాలుకి ఒకే ముద్ర. చాలనివాటిని పక్కవాలు నుంచి తెచ్చి, ఖాళీ అయిన పెరటివైపు వాలుకి మొత్తం కొత్తవి వేస్తారు. కొందరు పెంకు డిజైను రేకులతో సరిపెడుతున్నారు. దూరం నుంచి బాగానే ఉంటాయి, వాన పడితే మాత్రం పక్కమనిషి మాట వినపడదు!

మిగిలిన దారి పాత పెంకే. ఎక్కడైనా లోగిలి కూల్చుతున్నారని కబురందితే చాలు, మేస్త్రీ ముందుగా అడిగేది దూలాల ధర కాదు... పెంకు మీద ఏ ముద్ర ఉందని.