12 వోల్టుల డయోడు, 14.4 వోల్టుల బ్యాటరీ

"ఒరేయ్, నువ్వు పెట్టిన ఆ నల్ల ముక్క ముట్టుకుంటే చెయ్యి కాలుతోందిరా" అని నాన్న ఊర్నించి ఫోన్ చేశాడు. "ముందు వైరు పీకెయ్ నాన్నా" అన్నా.

కథ మొదట్నించీ చెప్తాను. మేడమీద ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయేలా ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు చేసిచ్చా. సప్లై కింద ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి, 20 మీటర్ల వైరు మీద. వేసవిలో ఉరుములవాన వచ్చి దగ్గర్లో ఎక్కడో పిడుగు పడింది. బోర్డు చచ్చింది. అలాంటి సర్జ్‌లకి టీవీఎస్ డయోడు పెట్టాలని తెలుసు. 12 వోల్టుల సర్క్యూటే కదా అని పేరులో 12 ఉన్నది, ఎస్ఎంఏజే12ఏ, తెచ్చి సోల్డర్ చేసేశా. డేటాషీట్ తెరవలేదు. ఆ ఫోన్ వచ్చిన రాత్రి తెరిచా.

ఆ 12 అనేది డయోడు కదలకుండా కూర్చునే వోల్టేజీ, అంటే స్టాండాఫ్. 13.3 నుంచి 14.7 లోపు ఎక్కడో బ్రేక్‌డౌన్ మొదలవుతుంది. మా ఇన్వర్టరేమో చార్జింగ్‌లో బ్యాటరీని 14.4 దాకా తీసుకెళ్తుంది. అంటే పిడుగుతో పనిలేకుండా, రోజూ చార్జింగ్ అయినంతసేపూ కరెంటు దాన్లోంచి కారుతోంది. కాలదూ మరి!

ఇంకా ఘోరం రెండో నంబరు. సర్జ్ వచ్చినప్పుడు అది 12 దగ్గర ఆపదు. 20 ఆంపియర్లు పారేటప్పుడు దాని క్లాంపింగ్ వోల్టేజీ 19.9. నా బోర్డులో ఉన్న ఏఎంఎస్1117 రెగ్యులేటర్ తట్టుకునేది 15 మాత్రమే. అంటే నేను పెట్టిన కాపలావాడు మామూలు రోజున ఇంట్లోవాళ్ళని పట్టుకుంటాడు, దొంగొచ్చిన రోజున వదిలేస్తాడు.

పోనీ ఎస్ఎంఏజే15ఏ వేద్దామా అంటే, స్టాండాఫ్ 15 కాబట్టి చార్జింగ్‌తో పేచీ లేదు గానీ క్లాంపింగ్ 24.4కి పోతుంది. అప్పుడు అర్థమైంది, మార్చాల్సింది డయోడు ఒక్కటే కాదని. 40 వోల్టుల దాకా ఇన్‌పుట్ తీసుకునే ఎల్ఎం2596 రెగ్యులేటర్ వేశా, దాని ముందు 15ఏ పెట్టా. టీవీఎస్ పోతే సాధారణంగా షార్ట్ అయి పోతుంది కాబట్టి వైరు మొదట్లో, బ్యాటరీ దగ్గరే, ఒక ఫ్యూజు. డయోడు మాత్రం వైరు బోర్డులోకి వచ్చే చోటే ఉండాలి, కాళ్ళు పొట్టిగా. డీసీ లైను కాబట్టి ఒకవైపు పనిచేసేది చాలు. ఎవరైనా బ్యాటరీ తిరగేసి కలిపితే అదే కండక్ట్ చేసి ఫ్యూజు కొట్టేస్తుంది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, లెక్క రెండు చివర్ల నుంచీ చెయ్యాలి. సర్క్యూట్ మామూలుగా చూసే గరిష్ఠ వోల్టేజీ కంటే స్టాండాఫ్ ఎక్కువ ఉండాలి. వెనకున్న చిప్పు తట్టుకునేదాని కంటే క్లాంపింగ్ తక్కువ ఉండాలి. ఈ రెండిటి మధ్యా చోటు లేకపోతే ఏ డయోడూ కాపాడదు. ఆ తర్వాతే వాట్లు: 10/1000 మైక్రోసెకన్ల పల్సుకి ఎస్ఎంఏజే 400, ఎస్ఎంబీజే 600, ఎస్ఎంసీజే 1500. నేరుగా ఇంటిమీద పడే పిడుగుకి ఇవేవీ ఆనవు, అది వేరే సంగతి.

కాన్ఫిగ్‌లో టైమవుట్ 30 అని చూసి, సెకన్లా మిల్లీసెకన్లా అని అడగకుండా పంపిన జూనియర్‌ని ఓసారి బాగా క్లాసు పీకాను. నేను చేసిందీ అదే. తేడా ఏమిటంటే, ఇక్కడ టెస్టింగ్ నాన్న చేత్తో జరిగింది.