పసుపు మచ్చ దాగినప్పుడు

శాన్ హువాన్ నుంచి కారులో కొండలు దాటి దక్షిణానికి దిగితే ప్యూర్టో రీకో మారిపోతుంది. ఉత్తరాన కొండల నిండా పచ్చదనం. ఇటువైపు మబ్బుల్ని ఆ కొండలే ఆపేస్తాయి కాబట్టి ఎండు నేల, కాక్టస్, ముళ్లకంప. నైరుతి తీరంలో లా పార్గెరా అనే చిన్న ఊరుంది. అక్కడ పడవెక్కితే చుట్టూ మడచెట్ల దిబ్బలే. ప్యూర్టో రీకోలో తప్ప మరెక్కడా లేని పసుపు భుజాల నల్లపిట్ట కోసం వెళ్లాను. స్థానికులు దాన్ని మారికీతా అంటారు.

పుస్తకాల్లో బొమ్మ చూస్తే గుర్తుపట్టడం తేలికే అనిపిస్తుంది: నల్లటి ఒళ్లు, భుజాన పసుపు మచ్చ, దానికి సన్నని తెల్లంచు. కానీ రెక్క ముడిచి కూర్చుంటే ఆ పసుపు చాలావరకు ఈకల కింద దాగిపోతుంది. మిగిలేది ఒక నల్లపిట్ట. ఆ తీరంలో నల్లపిట్టలకు కొదవ లేదు.

"కన్ను చూడండి సెన్యోర్" అన్నాడు పడవ నడిపే పెద్దాయన. ఊరంతా తిరిగే చాంగో కన్ను లేత పసుపు. తోక పడవ అడుగులా వి ఆకారంలో మడిచి ఉంటుంది. మారికీతా కన్ను నల్లన, తోక మామూలుగా, ముక్కు సన్నగా మొనదేలి ఉంటాయి. పరిమాణంలోనూ చాంగో పెద్దది.

అసలు చిక్కు షైనీ కౌబర్డ్‌తో. దాని కన్నూ నల్లనే. అయితే ముక్కు పొట్టిగా, మొదట్లో లావుగా ఉంటుంది. మగదాని ఒంటిమీద ఎండ పడితే ఊదా మెరుపు. ఆడది బూడిద గోధుమరంగు. మారికీతాల్లో ఆడ, మగ రెండూ నల్లనివే కాబట్టి జంటను చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఈ తేడా తెలియడం పక్షుల సరదా కోసం మాత్రమే కాదు. కౌబర్డ్ గూడు కట్టదు. మన కోకిల కాకి గూట్లో పెట్టినట్టు, మారికీతా గూట్లో గుడ్లు పెడుతుంది. కాకులకు లెక్కలేనంత బలగం ఉంది, తట్టుకుంటాయి. మారికీతాకు ఆ బలగం లేదు. దక్షిణ అమెరికా నుంచి దీవి తర్వాత దీవి దాటుకుంటూ కౌబర్డ్‌లు గత శతాబ్దం మధ్యకల్లా ఇక్కడికి చేరాయి. మడ అడవులు నరికేయడమూ తోడై, 1976లో అమెరికా ప్రభుత్వం మారికీతాను అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ప్రకటించాల్సి వచ్చింది. అప్పటినుంచి బోన్లు పెట్టి కౌబర్డ్‌లను పట్టడం, మడల్లో కృత్రిమ గూళ్లు అమర్చడం సాగుతోంది. బోనులో చేయి పెట్టే మనిషికి కన్నూ ముక్కూ తెలిసి తీరాలి.

సాయంత్రం పిట్టలు దిబ్బల మీదికి చేరుతుంటే చూశాను. ఎగిరేటప్పుడు భుజాల పసుపు దాగదు. పడమటి సముద్రంలో మోనా దీవి మీద దీని ఉపజాతి కొండచరియల్లో గూళ్లు పెడుతుందట. ఆ దీవికి ముందే అనుమతి తీసుకోవాలి. ఈసారి తీసుకునే బయల్దేరతాను.